తెల్లమచ్చ పరీక్ష: రిపోర్టు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఆక్వా ప్రశ్నలు – జవాబులు

వానలు మొదలై నీళ్లు చల్లబడే రోజులివి. నెల్లూరు, ప్రకాశం తీరం రొయ్య రైతుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం తెల్లమచ్చ అనే వైరస్ రోగాన్ని పట్టే పీసీఆర్ (వైరస్ డీఎన్‌ఏను పెంచి చూపే పరీక్ష) రిపోర్టుల గురించీ, గట్టు మీదే చేసుకునే కొత్త కిట్ల గురించీ ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

హేచరీ వాళ్లు పీసీఆర్ నెగెటివ్ కాగితం ఇచ్చారు. ఆ రొయ్య పిల్లనే 4 ఎకరాల్లో 8 లక్షలు వదిలాం. 35వ రోజున తెల్లమచ్చ పడి గుంటలన్నీ పోయాయి. రిపోర్టు దొంగదేనంటారా?
– ఒక రైతు, విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా

దొంగదే అయి ఉండాలని లేదు. నిజమైన రిపోర్టు చేతిలో ఉన్నా ఇలా జరగవచ్చు.

ల్యాబుకు మామూలుగా 150 పిల్లలు పంపుతారు. దీని వెనక ఒక లెక్క ఉంది. ట్యాంకులో నూటికి రెండు పిల్లలకు వైరస్ ఉంటే, 150 తీసినప్పుడు వాటిలో ఒక్కటైనా పడే అవకాశం 95 శాతం. నూటికి 5 ఉంటే 60 తీసినా సరిపోతుంది, 10 ఉంటే 30 చాలు. అదే వెయ్యికి ఒక్కటే ఉంటే 150లో అది దొరికే అవకాశం సుమారు 14 శాతమే. మీరు వదిలిన 8 లక్షల్లో వెయ్యికి ఒకటి అంటే 800 పిల్లలు. నెగెటివ్ కాగితంతో పాటే ఆ 800 గుంటలోకి దిగగలవు. కాబట్టి నెగెటివ్ అంటే వైరస్ లేదని హామీ కాదు, 'ఈ ట్యూబులో వేసినదాంట్లో దొరకలేదు' అని మాత్రమే.

రిపోర్టులో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. శాంపిల్ ఏ ట్యాంకుది? ఏ తేదీన తీశారు? ఎవరు తీశారు? హేచరీలో ఒకే బ్యాచ్ నాలుగైదు ట్యాంకుల్లో ఉంటుంది. ఒక ట్యాంకు రిపోర్టును మిగతా ట్యాంకుల పిల్లకూ వాడేయడం మామూలే. మీ లారీలో ఎక్కే ట్యాంకు నుంచి, మీరో మీ టెక్నీషియనో దగ్గరుండి శాంపిల్ తీయాలి.

తీసే పద్ధతి కూడా ముఖ్యమే. బేసిన్‌లో పిల్లను పోసి చేత్తో నీళ్లను గుండ్రంగా తిప్పండి. గట్టి పిల్ల ప్రవాహానికి ఎదురీదుతూ అంచుల్లో నిలుస్తుంది, నీరసించినది మధ్యకు చేరి అడుగున పడుతుంది. మధ్యలోదే ఎక్కువగా తీయండి. వైరస్ ఉంటే ముందు అక్కడే దొరుకుతుంది. 150నీ కలిపి ఒకేసారి నూరితే ఒక్క రోగపు పిల్ల డీఎన్‌ఏ పలచబడిపోతుంది. 30 చొప్పున ఐదు ట్యూబులు చేయమని అడగండి. ఖర్చు పెరుగుతుంది, అయినా 8 లక్షల పిల్ల ధర ముందు అది ఎంత?

ఇక 35 రోజులన్నారు. అన్నాళ్లు ఆగి వచ్చిందంటే పిల్లను ఎంత అనుమానించాలో గుంటనూ అంతే అనుమానించాలి. ఈ వైరస్ పీతల్లో, అడవి రొయ్యల్లో రోగం బయటపడకుండానే ఉంటుంది. బకింగ్‌హాం కాలువ నుంచో ఉప్పుటేరు నుంచో నీళ్లు తోడుకునే చోట, పైన ఎవరైనా రోగపు గుంటను తూము ఎత్తి పట్టుబడి చేశారంటే ఆ నీళ్లు మీ మోటారుకే వస్తాయి. పీత కంచె, పక్షుల తాళ్లు, 60 మెష్ వడపోత సంచి, నీళ్లను రిజర్వాయర్‌లో బ్లీచింగ్ వేసి నిలవబెట్టడం... ఇవన్నీ ఉన్నాయా?

ఎస్‌పీఎఫ్ తల్లి రొయ్యల పిల్ల కాబట్టి రోగం రాదని కొందరు అనుకుంటారు. ఎస్‌పీఎఫ్ అంటే ఫలానా రోగక్రిములు లేకుండా పెంచిన తల్లులని అర్థం. వాటి పిల్ల వైరస్‌ను తట్టుకుంటుందని కాదు.

రొయ్యలో ఏ భాగం కోసి పంపాలి? ఒకసారి తలకాయలన్నీ ఐసులో వేసి పంపితే 'శాంపిల్ పనికిరాదు' అన్నారు.
– కొత్తపట్నం, ప్రకాశం జిల్లా

తలకాయ పంపితే అందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి కళ్లు. రొయ్య కంటిలోని పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి, వైరస్ ఉన్నా నెగెటివ్ వస్తుంది. రెండోది లివర్, అదే హెచ్‌పీ. తెల్లమచ్చ వైరస్ హెచ్‌పీ గొట్టాల కణాల్లో పెరగదు. పైగా అందులోని కొవ్వు, ఎంజైములు డీఎన్‌ఏను పాడుచేస్తాయి.

తెల్లమచ్చకు కావలసినవి పొట్ట కింది ఈదుకాళ్లు, మొప్పలు. ఈదుకాళ్లు రెండు మూడు కత్తిరించినా రొయ్య బతుకుతుంది కాబట్టి తల్లి రొయ్యలకు కూడా అదే పద్ధతి. చిన్న పిల్లను మొత్తంగా నూరవచ్చు, పెద్ద పిల్లైతే కళ్లు తీసేయాలి. ఈహెచ్‌పీ (హెచ్‌పీలో చేరి పెరుగుదలను ఆపే సూక్ష్మజీవి) పరీక్షకు మాత్రం దీనికి తలకిందులు: అక్కడ హెచ్‌పీ కావాలి, లేదా చెక్ ట్రేలో దొరికే పేడ తాళ్లు కావాలి. రెండు పరీక్షలూ కావాలంటే రెండు సీసాలు వేరుగా పంపండి.

భద్రపరచడానికి 95 శాతం ఆల్కహాల్, శాంపిల్‌కు పది రెట్లు ఉండాలి. ఒక గ్రాము కాళ్లకు పది మిల్లీలీటర్లు. సీసా నిండా రొయ్య కుక్కి పైన నాలుగు చుక్కలు పోస్తే లోపల కుళ్లుతుంది. ఫార్మలిన్ వద్దు, అది డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది. చచ్చి ఎర్రబడి వాసన వస్తున్న రొయ్య పంపడమూ దండగే. గట్టు పక్కన నీరసంగా తిరుగుతున్న, ఇంకా ఊపిరి ఉన్న రొయ్యను పట్టండి. ఒక్కో గుంటకు కత్తెర మార్చండి, లేదా బ్లీచింగ్ నీళ్లలో ముంచి కడిగి వాడండి. ఒకే కత్తెరతో నాలుగు గుంటలు కోస్తే మొదటి గుంట రోగం నాలుగు రిపోర్టుల్లోనూ కనిపిస్తుంది.

తోక కండ తెల్లబడి ఐఎంఎన్‌వీ (కండను చంపే వైరస్) అనుమానం ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. అది ఆర్‌ఎన్‌ఏ వైరస్. ఆర్‌ఎన్‌ఏ మామూలు వేడికే విరిగిపోతుంది. కోసిన వెంటనే ఆల్కహాల్‌లోనో ఆర్‌ఎన్‌ఏను భద్రపరిచే ద్రావణంలోనో వేసి, ఐసులో పెట్టి, ఆర్‌టీ పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి చేసేది) చేయమని కాగితం మీద రాసి పంపండి. రాయకపోతే మామూలు పీసీఆర్ చేసి నెగెటివ్ అంటారు.

గంటలో ఫలితం, మెషీన్ అక్కర్లేదు, వేడినీళ్లు చాలు అంటూ ల్యాంప్ కిట్ అమ్ముతున్నారు. నమ్మవచ్చా? ఎలా చేయాలి? మా పక్కాయన చేస్తే అన్ని ట్యూబులూ పాజిటివే వచ్చాయి.
– ముగ్గురు రైతులు, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా

పద్ధతి నమ్మదగినదే. ల్యాంప్ కూడా పీసీఆర్ లాగే వైరస్ డీఎన్‌ఏను పెంచి చూపుతుంది, దాన్ని 2000లో జపాన్‌లో రూపొందించారు. మామూలు పీసీఆర్‌లో ట్యూబును 95, 55, 72 డిగ్రీల మధ్య ముప్పై నలభై సార్లు తిప్పాలి, దానికి మెషీన్ కావాలి. ల్యాంప్‌లో వాడే బీఎస్‌టీ ఎంజైము డీఎన్‌ఏ పోగులను తనే విడదీసుకుంటూ పోతుంది కాబట్టి 63–65 డిగ్రీల దగ్గర ఒకే వేడి నిలిపితే చాలు. నాలుగు నుంచి ఆరు ప్రైమర్లు (వైరస్ డీఎన్‌ఏకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వైరస్ డీఎన్‌ఏలో ఆరు నుంచి ఎనిమిది చోట్ల సరిగ్గా కుదిరితేనే పని జరుగుతుంది. అన్ని చోట్లా కుదరాలి కాబట్టి గురి తప్పడం తక్కువ. సమస్యంతా చేసే చేతి దగ్గరే వస్తుంది.

చేసే వరుస ఇది. ఈదుకాళ్లు రెండు మూడు, అంటే 20–30 మిల్లీగ్రాములు, కిట్‌లోని లైసిస్ ద్రావణంలో వేసి ప్లాస్టిక్ కర్రతో మెత్తగా నూరండి. 95 డిగ్రీల వద్ద 10 నిమిషాలు ఉంచి చల్లార్చండి. చెత్త అడుగుకు దిగాక పైన తేరిన నీటిలోంచి 2 మైక్రోలీటర్లు తీసి, 23 మైక్రోలీటర్ల మిశ్రమం ఉన్న ట్యూబులో వేయండి. అడుగు మడ్డి పిపెట్‌లోకి వస్తే రియాక్షన్ ఆగిపోతుంది. మూత బిగించి 65 డిగ్రీల వద్ద 45 నుంచి 60 నిమిషాలు, తర్వాత ఎంజైమును చంపడానికి 80–85 డిగ్రీల వద్ద 5 నిమిషాలు ఉంచాలి. ద్రావణం కొలతలు, సమయం కిట్టును బట్టి కొంత మారతాయి. మారినచోట కిట్టు కాగితాన్నే పాటించండి.

ప్రతి విడతలోనూ మీ శాంపిళ్లతో పాటు మరో రెండు ట్యూబులు తప్పనిసరి. ఒక దాంట్లో శుభ్రమైన నీళ్లు మాత్రమే, రెండో దాంట్లో కిట్‌తో వచ్చిన పాజిటివ్ డీఎన్‌ఏ. నీళ్ల ట్యూబు రంగు మారినా, పాజిటివ్ ట్యూబు రంగు మారకపోయినా ఆ విడత మొత్తం చెత్తబుట్టకే. ఖర్చు మిగులుతుందని ఈ రెండూ మానేసేవాళ్లు చేసేది పరీక్ష కాదు, జోస్యం.

ఇక మీ పక్కాయన సంగతి. అన్నీ పాజిటివ్ రావడానికి ఎక్కువగా కారణం పాత పాజిటివ్ ట్యూబు మూత తెరవడం. ల్యాంప్‌లో గంటకు పుట్టే డీఎన్‌ఏ నకళ్లకు లెక్కే ఉండదు. మూత తీసిన క్షణంలో కంటికి కనిపించని తుంపర బల్ల మీద, పిపెట్ మీద, చొక్కా మీద పడుతుంది. మరుసటి పరీక్షకు అదే విత్తనం. అయిపోయాక ఏ ట్యూబునూ తెరవకండి. జిప్ కవర్లో వేసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి పారేయండి. ప్రెషర్ కుక్కర్లో ఉడకబెట్టవద్దు, మూతలు ఊడి ఇంకా ఎక్కువగా చల్లుకుంటుంది. రంగుకోసం చివర్లో మూత తీసి సైబర్ గ్రీన్ చుక్క వేయమనే కిట్లు షెడ్డుకు పనికిరావు. రంగు ముందే కలిపి వచ్చేవే తీసుకోండి.

పని చోటును రెండుగా విడదీయాలి. మిశ్రమం పంచేది ఒక గదిలో, రొయ్య నూరి డీఎన్‌ఏ వేసేది ఇంకో గదిలో, పిపెట్లు కూడా వేర్వేరుగా ఉండాలి. ఫిల్టర్ ఉన్న టిప్పులే వాడండి. పాజిటివ్ ట్యూబులో డీఎన్‌ఏ అన్నిటికంటే చివర వేసి మూయండి. బల్లను ఒక వంతు హైపోక్లోరైట్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తుడిచి పది నిమిషాలు వదిలేయాలి. ఉత్త స్పిరిట్‌తో తుడిస్తే డీఎన్‌ఏ చావదు.

గంటంటే గంటే. రంగు రాలేదని గంటన్నర, రెండు గంటలు ఉంచితే ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కుని నీళ్ల ట్యూబు కూడా పాజిటివ్ అవుతుంది.

రంగు చూడటంలో కూడా మెలకువ కావాలి. హెచ్‌ఎన్‌బీ రంగు ఉన్న కిట్టులో ఊదా ఉంటే నెగెటివ్, ఆకాశనీలం అయితే పాజిటివ్. పసుపు బల్బు కింద ఈ రెంటికీ తేడా తెలియదు. పగటి వెలుతురులో తెల్ల కాగితం మీద పెట్టి, రెండు కంట్రోళ్ల (నీళ్ల ట్యూబు, పాజిటివ్ ట్యూబు) మధ్య నిలిపి చూడండి. ఫినాల్ రెడ్ కిట్టులో గులాబీ నుంచి పసుపుకు మారితే పాజిటివ్. తేడా కంటికి బాగా కనిపిస్తుంది, కానీ అది పీహెచ్ మీద ఆధారపడిన రంగు. కుళ్లిన శాంపిల్ ఆమ్లంగా ఉండి వేయగానే పసుపు కావచ్చు. క్షారం ఎక్కువున్న లైసిస్ ద్రావణమో గుంట నీళ్లో వెళితే వైరస్ ఉన్నా గులాబీ మారదు. అందుకే వేడిలో పెట్టకముందు ఒక ఫోటో, తీశాక ఒక ఫోటో ఫోనులో తీసుకోండి. మొదటి ఫోటోలోనే పసుపు ఉంటే అది వైరస్ పని కాదు.

వేడినీళ్ల గిన్నెతోనూ చేయవచ్చు, మేం మాత్రం సలహా ఇవ్వం. ట్యూబు అడుగు వేడిగా, మూత చల్లగా ఉండటంతో లోపలి 25 మైక్రోలీటర్లు ఆవిరై మూతకు పడుతుంది, అడుగున మిగిలిందాంట్లో లవణాలు చిక్కబడతాయి. మూత కూడా వేడెక్కే చిన్న డ్రై బ్లాక్ కొనండి, ఇన్వర్టర్‌కు తగిలించండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల వేడి పడిపోతే ఆ విడత లెక్కలోకి రాదు. తడి మిశ్రమం కిట్టు మైనస్ 20 డిగ్రీల్లో ఉండాలి. ఇంటి ఫ్రిజ్ పై అరలో రోజుకు రెండుసార్లు కరిగి గడ్డకట్టేది నెల తిరిగేసరికి పనిచేయదు. పొడి రూపంలో వచ్చే ట్యూబులు మన ఎండలకు నయం, తేమ తగలకుండా చూడాలి.

ల్యాంప్ పాజిటివ్ వస్తే అదే రొయ్య కాళ్లు ఆల్కహాల్‌లో ఉంచి ల్యాబులో పీసీఆర్‌తో నిర్ధారించుకోండి. గుంటలో రొయ్యలు చస్తూ ఉంటే మాత్రం ఆ రిపోర్టు కోసం ఆగకండి.

రియల్ టైమ్ పీసీఆర్‌లో 'పాజిటివ్, సీటీ 36' అని వచ్చింది. 70 రోజుల పంట, 60 కౌంటు (కిలోకు 60 రొయ్యలు). మేత బాగానే తింటోంది. పట్టేయమంటారా?
– సింగరాయకొండ, ప్రకాశం జిల్లా

సీటీ అంటే వైరస్ డీఎన్‌ఏ పరికరానికి కనిపించడానికి ఎన్ని తిప్పులు పట్టిందో ఆ సంఖ్య. ఎక్కువ వైరస్ ఉంటే తక్కువ తిప్పుల్లోనే కనిపిస్తుంది. ఒక్కో తిప్పుకు డీఎన్‌ఏ రెట్టింపవుతుంది కాబట్టి సీటీలో సుమారు 3.3 తేడా అంటే వైరస్‌లో పది రెట్ల తేడా. 36 నుంచి 26కు దిగిందంటే వైరస్ వెయ్యి రెట్లు పెరిగినట్టు.

36 అంటే పరీక్ష చూడగలిగే అంచు. నిజంగా స్వల్ప సోకు కావచ్చు, ల్యాబులో పక్క ట్యూబు తుంపర కావచ్చు. ఈ ఒక్క అంకె చూసి 60 కౌంటు పంటను పట్టకండి, అలాగని చింపి పారేయకండి. నాలుగు మూలల నుంచీ రొయ్యలు తీసి, ఐదేసి కలపకుండా వేర్వేరుగా చేయించండి. ఐదింట్లో ఒక్కదానికే రోగం ఉండి కలిపి నూరితే సీటీ రెండు మూడు అంకెలు పెరిగి కనిపిస్తుంది, అసలు తీవ్రత దాగిపోతుంది. రెండు మూడు రోజులకు అదే ల్యాబులో మళ్లీ చూడండి. ఒక ల్యాబు సీటీని ఇంకో ల్యాబు సీటీతో పోల్చకూడదు, కిట్లు వేరు, పట్టే గీత వేరు.

ఆలోగా వల వేయడం, నీళ్లు మార్చడం ఆపండి. కుబుసం విడిచే రోజుల్లో ఆక్సిజన్ పడిపోకుండా ఏరియేటర్లు పూర్తిగా ఆడించండి. నీటి వేడి ఉదయం, సాయంత్రం రాయండి. 32 డిగ్రీలు దాటి ఉన్నన్నాళ్లు వైరస్ జోరు తగ్గి ఉంటుంది. ముసురు పట్టి 26–27కు జారితే అదే గుంట మూడు రోజుల్లో ఖాళీ కావచ్చు. వాయుగుండం హెచ్చరిక ఉండి, సీటీ 30 కిందికి దిగుతుంటే మా ఓటు పట్టుబడికే. సీటీ 20ల్లో ఉండి, మేత ఒక్క పూటలో సగానికి పడి, పగలు రొయ్యలు గట్టంట తిరుగుతుంటే ఆ రోజే పట్టేయండి.

మచ్చల కోసం మాత్రం ఎదురుచూడవద్దు. వనామీ రొయ్యలో మచ్చ స్పష్టంగా పడకుండానే గుంట పోతుంది. మరోపక్క, బ్యాక్టీరియా వల్ల కూడా పెంకు మీద తెల్ల మచ్చలు వస్తాయి. వాటితో పంట పోదు.

వైరస్ పరీక్షలన్నీ నెగెటివ్. కానీ 80 రోజులకు కూడా 120 కౌంటు దాటలేదు, తెల్ల పేడ తేలుతోంది.
– తోటపల్లిగూడూరు, నెల్లూరు జిల్లా

మీరు వెతకాల్సింది వైరస్ కాదు. ఈహెచ్‌పీ అనే మైక్రోస్పోరీడియా అయి ఉండవచ్చు, బూజు జాతికి దగ్గరిది, హెచ్‌పీలో కూర్చుని పెరుగుదలను తినేస్తుంది. హెచ్‌పీనో పేడ తాళ్లనో పంపి, ఎస్‌డబ్ల్యూపీ జన్యువు మీద చేసే నెస్టెడ్ (రెండు విడతల) పీసీఆర్ అడగండి. పాత ఎస్‌ఎస్‌యూ జన్యువు పద్ధతి దగ్గరి జాతుల మైక్రోస్పోరీడియాను కూడా పాజిటివ్‌గా చూపగలదు. తెల్ల పేడ ఒక్కటే చూసి ఈహెచ్‌పీ అని తేల్చకండి, వైబ్రియో బ్యాక్టీరియా వల్లా వస్తుంది.

దీన్ని నయం చేసే మందు లేదు. ఉందని సీసా అమ్మేవాళ్లకు డబ్బులు పెట్టకండి. పంట తర్వాత గుంట ఎండబెట్టి, హెక్టారుకు 6 టన్నుల లెక్కన, అంటే ఎకరానికి సుమారు 2.4 టన్నుల కాల్చిన సున్నం వేసి, 10–12 సెంటీమీటర్ల లోతు దున్ని, తడిపి, మట్టి పీహెచ్ 12కు చేర్చాలి. వ్యవసాయ సున్నంతో ఆ పీహెచ్ రాదు.

పట్టీ మీద గీత పడే పరీక్ష, ల్యాంప్ ఒకటేనా?
– ముత్తుకూరు, నెల్లూరు జిల్లా

గీత చూసి మోసపోకండి, రెండు రకాల పట్టీలున్నాయి. రొయ్య రసం నేరుగా పోసేది వైరస్ ప్రొటీన్‌ను యాంటీబాడీతో పడుతుంది. పదిహేను ఇరవై నిమిషాల్లో అయిపోతుంది కానీ వైరస్ బాగా పెరిగాకే గీత వస్తుంది. చస్తున్న రొయ్యకు అది చాలు, పిల్ల ఎంపికకు పనికిరాదు. రెండో రకంలో ముందు ఆర్‌పీఏ అనే, ల్యాంప్ లాగే ఒకే వేడిలో జరిగే పద్ధతిలో 37–42 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలు డీఎన్‌ఏను పెంచి, తర్వాత పట్టీ ముంచుతారు. అది సున్నితమైనదే. కానీ పట్టీ ముంచడానికి ట్యూబు తెరవాలి కాబట్టి పైన చెప్పిన తుంపర బెడద దీనికీ ఉంది.

తెల్లమచ్చ నిర్ధారణ అయింది. ఎకరంన్నర గుంట, నాలుగడుగుల నీళ్లు. బ్లీచింగ్ ఎంత? తర్వాత మట్టికి పీసీఆర్ చేయించాలా?
– టంగుటూరు, ప్రకాశం జిల్లా

తూము ఎత్తకుండా వలతోనే పట్టండి. చచ్చినవి ఏరి, దూరంగా గొయ్యి తీసి సున్నంతో పూడ్చండి. తర్వాత లెక్క: ఎకరంలో మీటరు నీళ్లుంటే సుమారు 4,000 ఘనమీటర్లు, అంటే 1 పీపీఎం (పది లక్షల వంతుల నీటికి ఒక వంతు)కు 4 కిలోలు. ఎకరంన్నర, నాలుగడుగులు అంటే దాదాపు 7,300 ఘనమీటర్లు, పీపీఎంకు 7.3 కిలోలు. నీటిలో 30 పీపీఎం క్లోరిన్ అందాలంటే 30 శాతం బ్లీచింగ్ 100 పీపీఎం వేయాలి: 730 కిలోలు. 25 కిలోల సంచులైతే ముప్పై. సంచి పాతబడి 20 శాతానికి దిగి ఉంటే 1,100 కిలోలు పడుతుంది. అందుకే కొనేముందు తయారీ తేదీ చూడండి.

సాయంత్రం వేయండి, ఎండకు క్లోరిన్ ఎగిరిపోతుంది. పీహెచ్ 8 దాటితే దాని పదును కూడా తగ్గుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపి, మాస్కు, గ్లౌజులతో చల్లి, ఏరియేటర్లు తిప్పి కలియబెట్టండి. అడుగు బురద క్లోరిన్‌ను మింగేస్తుంది కాబట్టి అరగంట తర్వాత కిట్‌తో మిగులు క్లోరిన్ చూడండి. సున్నా వస్తే వేసింది చాలలేదు. వారం ఆగి, మిగులు పూర్తిగా పోయాకే నీళ్లు వదలాలి.

మట్టికి పీసీఆర్ వద్దు. పరీక్ష చూసేది డీఎన్‌ఏను, అది బతికున్న వైరస్‌దో చచ్చినదో దానికి తెలియదు. ఆ డబ్బుతో పీత కంచె వేయండి. చుట్టుపక్కల గుంటల వాళ్లకు అదే రోజు చెప్పండి, వాళ్లు మూడు రోజులకోసారి ఈదుకాళ్ల శాంపిల్ చేయించుకోవాలి. మీ వల, మీ చెక్ ట్రేలు, మీ మేత కుర్రాడు ఆ గుంటల వైపు వెళ్లకూడదు.